ఆటయు, అభ్యాసమును

సంగీతము నేర్వదలచినవాడు మొదటి దినముననే కచేరీకి గూర్చుండడు. సరళిస్వరములు, జంటస్వరములు, అలంకారములు నెలల తరబడి సాధించిన పిమ్మటగాని గురువు వానిచేత గీతము పట్టింపడు. రైతు దుక్కి దున్నక, దమ్ము చేయక, ఊడ్పునకు దిగడు. ఈ సామాన్య న్యాయమును జక్కగ నెఱిగిన మనవారే టెన్నిసు రాకెట్టు చేతబట్టినంతనే దానిని మఱచుచున్నారు. పదునైదేండ్లనుండి యాడుచున్నను ఆట మొదటి యేట నున్నచోటనే యున్నదని వాపోవు పెద్దమనుష్యులు, టెన్నిసు కోర్టున్న ప్రతి పట్టణమునను గలరు. ఇందులకు వయస్సు కారణము గాదు. రాకెట్టు వెలయును గారణము గాదు. వారు పదునైదేండ్లు ఆడిరేకాని, పదునైదు దినములైనను అభ్యసించి యెఱుగరు.

ఆడుట వేఱు, అభ్యసించుట వేఱు. సాయంకాలము నలుగురు పెద్దమనుష్యులు చేరి రెండు సెట్లు ఆడుదురు. అందు గెలుపే ప్రధానము. గెలువవలెనన్న దనకు రాని దెబ్బను దాచుకొనవలయును, వచ్చిన దెబ్బనే వాడవలయును. ఎడమప్రక్కకు వచ్చిన బంతిని గొట్టలేనివాడు దాని చుట్టును దిరిగి కుడిచేతివైపునకు దెచ్చుకొనును. రెండవ సర్వీసు నమ్మకము లేనివాడు బంతిని మెల్లగ నావలకు ద్రోసి యూరకుండును. ఈ విధముగ నేండ్లు గడచినకొలది బలము బలముగనే యుండును, లోపము మాత్రము ఱాయియై గట్టిపడును. అభ్యాసమున దీనికి విపర్యయము. అక్కడ గెలుపోటములు లేవు గనుక మనుష్యుడు తన లోపమును ముందిడుకొని, దానినే నూఱుమార్లు, వేయిమార్లు తిరుగదోడగలడు. ఆట మన సంపదను వ్యయపఱచును. అభ్యాసము దానిని గూడబెట్టును. వ్యయమే తప్ప కూడబెట్టుట లేని గృహస్థు గతి యేమగునో మా పాఠకులకు వేఱుగ జెప్ప బనిలేదు.

పెనుగొండకు సమీపముననే మార్టేరు వరి పరిశోధనా కేంద్రమున్నది. అక్కడ క్రొత్త వంగడమును ఒక్కమాఱుగ పొలమంతట జల్లరు. చిన్న మడిలో వేసి, గుణదోషములు కనిపెట్టి, పిదపనే రైతుల చేతికిత్తురు. క్రొత్త దెబ్బయు నట్టిదే. దానిని బందెపు టాటలో మొదట ప్రయోగించువాడు తప్పక యోడును; ఓడి, పాత యలవాటునకే మరలును. రాకెట్టు పట్టు మార్చుకొన్నవాని ఆట కొన్ని వారములు మునుపటికంటె దిగజారును. ఈ కాలమును అభ్యాసముతో గడపినవాడే ముందుకు సాగును. ఓర్మిలేక మధ్యన విడిచినవానికి పాత విద్యయు జెడును, క్రొత్త విద్యయు నబ్బదు.

ఇక నేమి యభ్యసింపవలయును? మొదట సర్వీసు. టెన్నిసునందు ఎదిరివాని ప్రమేయమే లేని దెబ్బ యిది యొక్కటియే. బంతి మన చేతినుండియే లేచును. వేగము మనదే, కాలము మనదే. కావున దీనిని సాధించుటకు తోడుకూడ నక్కఱలేదు. అయినను మనవారు కోర్టునకు వచ్చి, చేయి సాగుటకై నాలుగు సర్వీసులు కొట్టి, అంతటితో ఆటకు దిగుదురు. ప్రపంచ ప్రసిద్ధులాడు పోటీలలో సహితము పాయింట్లలో నెక్కువపాలు నాలుగు దెబ్బల లోపలనే ముగియుచున్నవి. ఆ నాలుగింట మొదటిది సర్వీసు, రెండవది దానిని త్రిప్పికొట్టుట. అనగా ఆటలో మిక్కిలి ప్రధానములైన రెండు దెబ్బలే మనవారభ్యసింపని దెబ్బలు!

ఒక బుట్టలో ఇరువది పాత బంతులు వేసికొని, వారమునకు రెండు ప్రొద్దులు అరగంట చొప్పున సర్వీసు చేయువాడు మూడు నెలలలో దన యాటను దానే గుర్తింపజాలడు. కొబ్బరిబోండము చెక్కునపుడు కత్తిపిడిని బట్టుకొన్నట్లు రాకెట్టును బట్టవలయును. తాంబూలపు పళ్లెము మోసినట్లు అరచేయి చదునుగ నానించి పట్టిన పట్టు మొదట సుకరముగ దోచునుగాని, దానితో బంతికి దిరుగుడు పుట్టదు. చేయి కదలవలసిన తీరు మన పల్లెబాలురకు బుట్టువుతోడనే తెలియును. చిటారుకొమ్మనున్న మామిడికాయకు రాయి విసరు చేయియే సర్వీసు చేయు చేయి. బంతిని ఎగురవేయు చేయి మాత్రము చాపియుండి, కన్నుల యెత్తున బంతిని విడువవలయును. కొట్టక విడిచినచో నాబంతి వెనుకటి గీతకు నొక యడుగు ముందుగ, లోపల పడునట్లుండవలయును. బంతి యొక్కొకమాఱొక్కొకచోటికి లేచువానికి సర్వీసు కుదురుట కల్ల.

రెండవ సర్వీసును గూర్చి యొకమాట. మనవారు మొదటి సర్వీసును బలముకొలది వలలోనికి గొట్టి, రెండవదానిని భయముతో మెల్లగ ద్రోయుదురు. రెండవ సర్వీసనగా నీరసించిన మొదటి సర్వీసు గాదు. చేయి మునుపటి వేగముతోడనే కదలవలయును. కాని రాకెట్టు బంతిని సూటిగ మోదక, క్రిందనుండి మీదికి రాచుకొనిపోవలయును. అట్లు రాచినపుడు బంతి ముందువైపునకు గిరగిర దిరుగుచు బోవును. ఆ తిరుగుటచే గాలి దానిని నేలవైపునకు నొక్కును. అందువలన బంతి వలకు మీదుగ నెత్తున బోయియు, గీతలోపలనే దిగును. పదింట తొమ్మిది రెండవ సర్వీసులు లోపల పడువఱకును దీనిని మానరాదు.

త్రిప్పికొట్టుటలో సూత్రము సులభము. ఎదిరివాడిచ్చిన వేగము చాలును. మన వేగము గలుపబోవలదు. రాకెట్టును వెనుకకు గొంచెమే లాగి, బంతిని దేహమునకు ముందుగ నందుకొని, కోర్టు నడుమకు లోతుగ బంపుటయే చాలును.

పిదప పాదములు. టెన్నిసు చేతియాట యని తలచుట పెద్ద పొరపాటు, అది కాళ్లయాట. మన చెడుగుడు ఆటగాని జూడుడు. కూతకు వచ్చినవాడు ఏ దిక్కునకు దుముకునో తెలియక, ఎదుట నిలిచినవాడు మడమలు నేలనానింపక, మోకాళ్లు వంచి, మునివ్రేళ్లపై నాడుచుండును. టెన్నిసునందును ఎదిరివాని రాకెట్టు బంతిని దాకు క్షణమున నొక చిన్న గెంతు గెంతి, రెండు పాదములపై సమముగ దిగవలయును. అప్పుడే కుడికైనను నెడమకైనను దేహము త్వరితముగ గదలును. బంతి చెంతకు మొదట పెద్ద యడుగులు, దగ్గఱినపుడు చిన్న యడుగులు వేయవలయును. చేయి చాపి యందుకొను బంతికంటె, కాలు కదపి యందుకొను బంతి యెప్పుడును మేలు. చెడుగుడు ఆడిన బాలునకు దీనిని నేర్ప బనిలేదు, గుర్తుచేసిన జాలును.

బంతిని బంపవలసిన దిక్కును లెక్కయే తెలుపును. కోర్టు పొడవు 78 అడుగులు. ఒంటరియాటకు వెడల్పు 27 అడుగులు. మూలనుండి మూలకు గొలిచిన 82 అడుగులకు మించును. వల యెత్తు గుంజలకడ మూడున్నర అడుగులు, నడుమ మూడడుగులే. అనగా మూలకు గొట్టిన బంతి నాలుగడుగులకు మించి యధికమైన చోటును, ఆఱంగుళములు తక్కువ యెత్తుగల వలను బొందును. గీతవెంట దిన్నగ గొట్టు దెబ్బ చూపఱుల మెప్పు వడయునుగాని, తప్పిపోవునదియు నదియే. బంతి ఇటునటు పోవుచున్నంతకాలము మూలకు మూల పంపుచు, ఎదిరివాడు కోర్టు వదలి బయటికిబోయినపుడే దిన్నని దెబ్బ కొట్టుట వివేకుల పద్ధతి. క్లబ్బు టాటలో పాయింట్లు గొప్ప దెబ్బలచే వచ్చునవి కొన్ని. ఎదిరివాని పొరపాటుచే వచ్చునవి పెక్కు. కావున పొరపాటు తగ్గించుకొనుటయే మొదటి విజయము.

ఇట్టి యభ్యాసమునకు తోడు దొరకనివానికి గోడయున్నది. పాఠశాల గోడయో, ధాన్యపు మిల్లు గోడయో చదునైనది చూచికొని, మూడడుగుల యెత్తున సున్నముతో నొక గీత గీసి, ఇరువది యిరువదియైదడుగుల దూరమున నిలువవలయును. గోడ యలయదు, తప్పుకొట్టదు, ముఖస్తుతి చేయదు. బంతి త్వరగ మరలివచ్చును గనుక, మొదట నది రెండుమార్లు నేలదాకిన పిదప గొట్టినను దోషములేదు. తప్పక నూఱు దెబ్బలు కుడివైపున, నూఱు దెబ్బలు ఎడమవైపున లెక్కపెట్టుకొనుచు గొట్టువానిని ఆఱునెలల పిదప క్లబ్బువారు ఆహ్వానించి పిలుతురు.

మనస్సును గూర్చి చెప్పక యీ విషయము ముగియదు. 2024 జూనులో అమెరికాయందలి డార్ట్‌మత్ కళాశాల పట్టప్రదానోత్సవమున ప్రసంగించుచు రోజర్ ఫెదరర్ ఒక లెక్క చెప్పెను. తన జీవితమున నాడిన 1,526 ఒంటరిపోటీలలో దాదాపు 80 శాతము గెలిచినను, ఆడిన పాయింట్లలో గెలిచినవి 54 శాతము మాత్రమే యట! లోకోత్తరుడైన ఆటగాడు సయితము రెండు పాయింట్లలో నించుమించుగ నొకటి పోగొట్టుకొనెను. ఇక మనము పోయిన ప్రతి పాయింటునకును రాకెట్టును నేలగొట్టి, తోడివానిని గసరుట యెంత హాస్యాస్పదము! పోయినదానిని విడిచి, రానున్నదానిపై జిత్తము నిలుపుట మన పెద్దలు యోగమని పేర్కొన్న గుణమే. అదియు నభ్యాసముచేతనే యలవడును.

దేహమును నిర్లక్ష్యము చేయువాడు విద్యను నిలుపుకొనజాలడు. ఉయ్యూరున జన్మించిన సాకేత్ మైనేని 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడలయందు సానియా మీర్జాతో గూడి మిశ్రమ యుగళమున స్వర్ణపతకము దెచ్చిన తెలుగువాడు. 2016లో అమెరికా ఓపెను పోటీలో అర్హతాటలు గెలిచి ప్రధాన విభాగమునకు జేరి, చెక్ దేశీయుడైన వెసెలీతో నైదు సెట్లు పోరాడి, కండరములు పట్టుకొని బాధించుచుండగా నోడెను. అంతటి శిక్షితునకే యట్టి యవస్థ వచ్చునపుడు, వైశాఖ జ్యేష్ఠములలో డెల్టా యుక్కలో నాడు మనమెంత జాగరూకులమై యుండవలయును! చెమటతో నీరేకాక యుప్పును బోవును. మనకు సులభమైన కొబ్బరినీరు మంచిదే. కాని దానియందు ఉప్పుపాలు తక్కువ గనుక చిటికెడు ఉప్పు గలిపినను, ఉప్పు వేసిన మజ్జిగ త్రాగినను మేలు. ఎండ తగ్గినపిదప నాడుట, ఆటకు ముందు పది నిమిషములు మెల్లగ బరుగెత్తి యొడలు వేడిచేసికొనుట, మోచేయి నొచ్చినపుడు పౌరుషమునకు బోక విశ్రమించుట, ఇవి ముప్పదియేండ్లు దాటినవారు తప్పక పాటింపవలసిన నియమములు.

ఇంతవఱకు జెప్పినది ఆడువానికి. ఇక జెప్పునది ఊరిపెద్దలకు. లాన్ టెన్నిసు 1874లో ఇంగ్లండున వింగుఫీల్డను సైనికోద్యోగి హక్కుపత్రము వడసిన యాట. అది దొరలతో మనదేశమునకు వచ్చి, చిరకాలము దొరల క్లబ్బుల కంచెలలోపలనే యుండెను. అయినను 1921లో డేవిస్ కప్పు పోటీకి భారతదేశము మొదటిసారి పోయిన యేటనే, మనవారు పారిసు నగరమున ఫ్రాన్సు దేశమును జయించిరి. 1939లో గౌస్ మహమ్మద్ వింబుల్డన్ పోటీలో చివరి యెనమండుగురిలో నొకడయ్యెను. రామనాథన్ కృష్ణన్ 1954లో నచట బాలుర విజేతయై, 1960లోను 1961లోను పెద్దల పోటీలో చివరి నలుగురిలో నిలిచెను. తెలుగు కుటుంబమున జన్మించిన మహేశ్ భూపతి 1997లో జపానుదేశపు రికా హిరాకీతో గూడి ఫ్రెంచి ఓపెను మిశ్రమ యుగళమును గెలిచి, గ్రాండ్‌స్లామ్ పట్టము దెచ్చిన ప్రథమ భారతీయుడయ్యెను. హైదరాబాదున బెరిగిన సానియా మీర్జా 2005లో ఆ నగరముననే ఒంటరిపోటీ గెలిచి, 2007లో ప్రపంచమున 27వ స్థానమునకు, 2015లో యుగళమున ప్రథమ స్థానమునకు నెక్కెను. 2023లో ఆట విరమించునాటికి ఆమె గ్రాండ్‌స్లామ్ పట్టములు ఆఱు.

కృష్ణన్, భూపతి, సానియా: ఈ మువ్వురికిని నొక సామాన్య ధర్మమున్నది. మువ్వురికిని తండ్రులే శిక్షకులు. టి.కె. రామనాథన్, కృష్ణ భూపతి, ఇమ్రాన్ మీర్జా తమ బిడ్డల వెంట దినదినమును గోర్టులో నిలిచిరి. బిడ్డకు గావలసినది రాజభవనము గాదు. ప్రతిదినము బంతులందించు నొక పెద్ద చేయి. అది యే తండ్రికైనను, తల్లికైనను, ఉపాధ్యాయునకైనను సాధ్యమే. పసివారికి బెద్దల బంతి యీయరాదు. అది వారి తలకు మించి యెగురును. మెత్తనై మెల్లగ లేచు ఎఱ్ఱ, నారింజ, ఆకుపచ్చ గుర్తుల బంతులు వారికై యున్నవి. పదేండ్లలోపువారి పోటీలలో సాధారణపు బంతిని వాడరాదని అంతర్జాతీయ టెన్నిసు సమాఖ్య 2012 నుండి నియమము చేసినది.

కోర్టు మాటకు వత్తము. తాను చిన్ననాట నాడిన కోర్టులు పేడతో నలికినవని సానియా పలుమార్లు చెప్పియున్నది. పేడ యలుకుట మనకు నేర్పవలయునా? నూర్పిడి కళ్లము చేయు రైతు చేయునదేమి? నేల చదును చేయును, నీరుచల్లి దిమ్మిసతో గొట్టును, పేడతో నలుకును. అదియే టెన్నిసు కోర్టునకు దొలిమెట్టు. చుట్టును బరుగెత్తుటకు జోటుతో సహా పూర్తి కోర్టునకు 120 అడుగుల పొడవును, 60 అడుగుల వెడల్పును జాలును. అనగా పదునాఱున్నర సెంట్లు. డెల్టాలోని నల్లరేగడి యెండకు బీటలువాఱును, వానకు బురదయగును గనుక, పైన గులకయు నెఱ్ఱమన్నును బఱచి, నీరు నిలువకుండ నొకవైపునకు గొంచెము వాలుంచిన జాలును. వర్షాకాలమున గోడయు, సిమెంటు కళ్లమును నున్నవి.

అనంతపురము దేశమునందలి మిక్కిలి తక్కువ వర్షపాతముగల ప్రాంతములలో నొకటి. అట్టిచోట స్పెయిను దేశపు ఆటగాడు రఫాయెల్ నడాల్ పేరిటి సంస్థయు, ఆ ప్రాంతమున చిరకాలముగ సేవచేయుచున్న గ్రామీణాభివృద్ధి ట్రస్టును గలిసి, 2010లో పేదబిడ్డలకై టెన్నిసు పాఠశాల స్థాపించినవి. అక్కడ ఆటతోబాటు ఆంగ్లమును, కంప్యూటరు విద్యయు నేర్పిరి. కఱవుసీమలో పరదేశీయుడు వచ్చి చేసినదానిని, 1852లో ధవళేశ్వరము ఆనకట్ట ముగిసిననాటినుండి గోదావరి నీటితో దులదూగుచున్న సీమలో స్వదేశీయులు చేయజాలరా? పెనుగొండ, ఆచంట, మార్టేరు ప్రాంతముల భూస్వాములకు బదునాఱున్నర సెంట్లు లెక్కలోనిది గాదు. ఒకపంట నీటి తగవునకు వకీళ్లకిచ్చు సొమ్ములో గొంత వలకును, బుట్టెడు బంతులకును, నాలుగు రాకెట్లకును సరిపోవును.

ఆ కళ్లమున బాలురతో సమముగ బాలికలకును, భూస్వామి బిడ్డతో సమముగ బాలేరు బిడ్డకును బ్రవేశముండవలయును. ప్రతిభ పట్టాదారు పాసుపుస్తకము జూచి పుట్టదు. ఊరిలో చదువుకొన్నవాడొక్కడు సాయంకాలమున నొక గంట వెచ్చించి బంతులందించిన, పదిమంది బిడ్డల యాట కుదురును. అందించువాని యాటయు నంతకంటె ముందే కుదురును. ఏలనన, పరులకు నేర్పువాడు ప్రతి దెబ్బను మరల మొదటినుండి విచారించి చూడవలసివచ్చును.

మార్గశిరమున కోతలు కానున్నవి, పుష్యమున నూర్పిళ్లు ముగియనున్నవి. ధాన్యము గాదెకెక్కిన వెంటనే కళ్లము దున్నివేయక, ఈ యేట నొక్క పంటకాలము దానిని బిడ్డలకు విడిచిచూడుడు. క్లబ్బున నాడు పెద్దలు వారమునకు రెండు సాయంకాలములు పందెము మాని, తమకు రాని దెబ్బ నొక్కదానిని బట్టి సాధించిచూడుడు. సంక్రాంతినాటికి ఫలము వచ్చునని మేము చెప్పము. వరియైనను విత్తిననాడే కోతకు రాదు. కాని యుగాదినాటికి మీ రెండవ సర్వీసు వలదాటి గీతలోపల దిగును. మీ యూరి బిడ్డ గోడకెదురుగ నిలిచి లెక్క తప్పక నూఱు దెబ్బలు కొట్టును. అంతకు మించిన యారంభము మఱియొకటి యుండదు.